పెన్న ఒడ్డున రాక్షసిబల్లి

నెల్లూరు నుంచి ముంబయి రోడ్డు పట్టుకొని పోతే సుమారు 15 కిలోమీటర్లలో బుచ్చిరెడ్డిపాలెం వస్తుంది. అంత పొడుగు పేరు పలికే తీరిక ఆ ప్రాంతంవారికి లేదు. "బుచ్చి" అంటే చాలు, బస్సు ఆగుతుంది. రోడ్డుకు ఇరుప్రక్కలా కనుచూపుమేర వరిమళ్ళు. సంగం దగ్గర పెన్నకు అడ్డుకట్ట వేసి మళ్ళించిన నీరు కనిగిరి జలాశయంలోకి చేరి, అక్కడనుంచి కాలువల వెంట ఈ మాగాణి అంతటినీ తడుపుతుంది. అన్నట్టు, ఈ కనిగిరి అదే పేరుగల కనిగిరి పట్టణం కాదు. కొత్తగా వచ్చినవారు తికమక పడుతూ వుంటారు.

ఊళ్ళో కోదండరామస్వామి ఆలయం పెద్దది, పేరుగలది. దక్షిణంగా పోతే పెన్న ఉత్తరపు గట్టున జొన్నవాడ కామాక్షమ్మ కోవెల. ఆ కోవెల దాటి ఏటిలోకి దిగితే ఇసుక. వర్షాలు లేని రోజుల్లో ఇసుకే ఏరు, ఏరే ఇసుక. ఎక్కడో ఒక పాయ సన్నగా మెరుస్తూ వుంటుంది. అమ్మవారి దర్శనానికి వచ్చిన కుటుంబాలు ఆ ఇసుకలో పొట్లాలు విప్పుకొని పులిహోర తినటం, పిల్లలు గులకరాళ్ళు ఏరుకోవటం మామూలు.

బుచ్చికి పోయినవారు గుడి చూస్తారు, జొన్నవాడ చూస్తారు, తిరిగివస్తారు. ఆ పిల్లలు ఏరే గులకరాళ్ళను మాత్రం ఎవరూ చూడరు. ఈ వ్యాసం ఆ రాళ్ళను గురించి, వాటిని పట్టుకొని పిల్లలు అడిగే ప్రశ్నలను గురించి.

"ఇక్కడ తవ్వితే దొరకతాయా?"

మా అక్కయ్య కొడుక్కు పదేళ్ళు. ఆ వయసు పిల్లలందరికీ పట్టిన పిచ్చే వాడికీ పట్టింది. రాక్షసిబల్లుల పేర్లు అష్టోత్తరంలాగా అప్పజెబుతాడు. పోయిన సెలవులకు జొన్నవాడ ఇసుకలో అరచేతి మందాన ఒక ఎర్రరాయి దొరికింది వాడికి. పరుగెత్తుకొచ్చాడు.

"మామా, ఇది డైనోసార్ ఎముక గదా? ఇక్కడ తవ్వితే ఇంకా దొరకతాయా?"

వాడి అవ్వ ప్రక్కనే వుంది. "రాకాసి ఎముకలు ఇంట్లోకి తేకురా నాయనా, అరిష్టం" అన్నది.

"నీకేం తెలుసు అవ్వా! రాకాసులు లేవు, ఏమీ లేవు" అని వాడు గభాలున అనేశాడు. ఆమె ముఖం చిన్నబోయింది. 

ఇటువంటి సమయంలో పెద్దలం సాధారణంగా రెండు మార్గాలు తొక్కుతాం. "అదేం కాదు, ఉత్తరాయి, పారెయ్" అనటం ఒకటి. పిల్లవాడి ముచ్చట ఎందుకు కాదనాలని "అవును నాన్నా, ఎముకే" అనటం రెండవది. మొదటిదానితో ప్రశ్న చచ్చిపోతుంది. రెండవదానితో అబద్ధం బ్రతికిపోతుంది. మూడవ మార్గం ఒకటి వుంది. "ఎముకే అని నీకెట్లా తెలిసింది? కాకపోతే ఎట్లా తెలుస్తుంది?" అని వాడినే అడగటం. ఇందుకు పెద్ద చదువులు అక్కరలేదు. కాస్త ఓపిక కావాలి.

అడిగాను. రాతిని త్రిప్పి త్రిప్పి చూశాడు. ఎముకకైతే విరిగినచోట జల్లెడలాగా సన్నని రంధ్రాలుండాలి గదా అన్నాను. లేవు. పైగా పగిలిన చోట చిన్న చిన్న రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి తళుక్కుమంటున్నాయి. "ఇసుక మాదిరిగా వుంది మామా" అన్నాడు. నిజమే. ఇసుకే. ఎన్నో యుగాలు నేల అడుగున నలిగి, బిగిసి, పలుగురాయి అంత గట్టిపడ్డ ఇసుక.

రాయి వచ్చిన దారి

మరి ఆ రాయి బుచ్చి దగ్గరకు ఎట్లా వచ్చింది? పెన్న తెచ్చింది. ఈ నది కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, అనంతపురం సీమ దాటి, కడప జిల్లాలో గండికోట దగ్గర ఎర్రని కొండలను నిలువునా కోసుకుంటూ, సోమశిల దగ్గర వెలికొండలను దాటి నెల్లూరు మైదానంలోకి దిగుతుంది. గండికోట గోడలలో కనబడేవి ఇటువంటి గట్టిపడ్డ ఇసుకరాళ్ళే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ కడప రాళ్ళ వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే అంటారు. రాక్షసిబల్లులు ఈ భూమిమీద మొదట కనిపించింది సుమారు 23 కోట్ల సంవత్సరాల క్రిందట. నశించింది 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందట. ముత్తాత పెట్టిన భోషాణంలో మునిమనవడి సెల్‌ఫోను దొరుకుతుందా? ఆ రాతిలో రాక్షసిబల్లి ఎముక దొరకటమూ అంతే.

కడప రాళ్ళలో శిలాజాలు అసలే లేవనుకోకండి. వేంపల్లె ప్రాంతపు సున్నపురాళ్ళలో పొరమీద పొరగా, ఉల్లిపాయను అడ్డంగా కోసినట్లు వలయాలు కనిపిస్తాయి. కంటికి కనబడనంత చిన్న ప్రాణులు ఆనాటి నిస్సారపు సముద్రపు నీళ్ళలో చాపలాగా అల్లుకొని కట్టిన పొరలవి. చెట్టు లేదు, చేప లేదు, కాళ్ళున్న జంతువు అంతకన్నా లేదు. అంత పాత కాలం.

మరి నెల్లూరు జిల్లా సొంత రాళ్ళో? గూడూరు ప్రాంతంలో అభ్రకం గనుల పేరు వినని నెల్లూరువారు వుండరు. ఆ అభ్రకం పుట్టిన రాళ్ళు కూడా ముసలివే. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ ఉడికి రూపు మారిన రాళ్ళవి. ఇక బుచ్చి చుట్టూ వరిమళ్ళ క్రింద వున్న ఒండ్రుమట్టి అంటారా, అది పెన్న మొన్నమొన్న తెచ్చి పరచినది. రాళ్ళ లెక్కలో కొన్ని వేల ఏళ్ళంటే మొన్నే గదా!

కనుక బుచ్చిలో ఎంత తవ్వినా రాక్షసిబల్లి దొరకదు. అడుగున రాయి మరీ పాతది, పైన మట్టి మరీ కొత్తది. నడిమి కాలపు పేజీలు ఇక్కడి పుస్తకంలో లేవు. ఆ పేజీలలో చివరివి కొన్ని చూడాలంటే ఉత్తరంగా ఒంగోలు వైపు వేమవరం దాకా పోవాలి. అక్కడి మెత్తని పలకరాళ్ళలో రాక్షసిబల్లుల కాలపు మొక్కల ఆకులు అచ్చులు వేసినట్లు నిలిచి వున్నాయి.

"దొరకదు" అనే మాట పిల్లవాడికి నిరుత్సాహం కలిగిస్తుందనుకున్నాను. వింత ఏమిటంటే, వాడు వెంటనే "అయితే ఎక్కడ తవ్వితే దొరకతాయి?" అన్నాడు. ఎందుకు దొరకదో తెలిసినవాడికే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. శాస్త్రజ్ఞులు చేసే పని కూడా ఇదే. కనబడ్డచోటల్లా పార వేయరు. ముందు రాయి వయసు అడుగుతారు.

యామన్‌పల్లి చిక్కుముడి

తెలుగుదేశంలో ఆ కాలపు పేజీలు భద్రంగా వున్నచోటు ప్రాణహిత, గోదావరి లోయ. ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరి పేరుమీద ఆ రాళ్ళను "కోట రాళ్ళు" అంటారు. ఆ లోయలో పోచంపల్లి అనే పల్లె దగ్గర (చీరల పోచంపల్లి కాదు సుమా!) 1958లో కొన్ని ఎముకలు బయటపడ్డాయి. 1960, 61 సంవత్సరాలలో అసలు నిధి దొరికింది. సుమారు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. తొడ ఎముక ఒక్కటే మనిషి ఎత్తు. కలకత్తాలోని భారత గణాంక సంస్థవారు తవ్వించారు. లెక్కల సంస్థకు ఎముకలతో పనేమిటంటారా? దాని స్థాపకులు మహలనోబిస్ గారికి ఏ శాస్త్రమూ పరాయిది కాదు. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం. అందుచేత ఆ జంతువుకు "బరాపాసారస్ టాగోరై" అని 1975లో నామకరణం చేశారు. "బరా పా" అంటే పెద్ద కాలు.

ఆ లోయలోనే యామన్‌పల్లి దగ్గర దొరికిన జంతువు మరొకటి. భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన యాదగిరి గారు 1988లో దానిని వర్ణించి "కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్" అని పేరు పెట్టారు. మన ఊళ్ళ పేర్లు రెండు కలిసిన ఆ పేరు ఈనాడు ప్రపంచమంతటా శాస్త్రగ్రంథాలలో వుంది. ఆ అస్థిపంజరం హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీది బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టి వుంది. కుటుంబ సమేతంగా వెళ్ళి చూడవచ్చు.

దీనిలోనే ఒక అపరాధ పరిశోధన నవలకు సరిపడే చిక్కుముడి వుంది. పిల్లల ముందు ఆధారాలు మాత్రమే పెట్టి, ముగింపు చెప్పకుండా చూడండి. ఇవీ ఆధారాలు: ఒకే మైదానంలో 840 ఎముకలు. కనీసం 12 జంతువులవి. ఎముకలు ఒకదానికొకటి అతికి లేవు, చెల్లాచెదురుగా పడివున్నాయి. అన్నింటికన్న వింత, ఒక్క పుర్రె కూడా దొరకలేదు. రెండు పళ్ళు మాత్రం దొరికాయి.

మొదటి ప్రశ్న: కుప్పగా పడివున్న ఎముకలను చూచి 12 అని ఎట్లా చెప్పగలిగారు? దీనికి జవాబు మన గుడి ముందే దొరుకుతుంది. కోదండరామస్వామి గుడి బయట విడిచిన చెప్పులన్నీ కలగాపులగం అయిపోయాయనుకోండి. లోపల ఎందరున్నారో ఎట్లా తెలుస్తుంది? ఎడమకాలి చెప్పులు మాత్రమే లెక్కపెట్టాలి. 12 వుంటే లోపల కనీసం 12 మంది వున్నట్లే. ఎక్కువమందే వుండవచ్చు, తక్కువ మాత్రం కాదు. ఎముకల లెక్కకూ ఇదే సూత్రం. ఒక్కొక్క జంతువుకు ఒక్కటే వుండే ఎముకను ఏరి లెక్కిస్తారు. "కనీసం" అనే ఆ చిన్న మాటలోనే శాస్త్రజ్ఞుని నిజాయితీ అంతా వుంది.

రెండవ ప్రశ్న: అన్ని జంతువులు ఒకేచోట ఎందుకు చచ్చాయి? మావాడు, వాడి చెల్లెలు, ఇరుగుపొరుగు పిల్లలు అరుగుమీద చేరి పెద్ద సభ చేశారు. వేటగాళ్ళు చంపారన్నాడు ఒకడు. అప్పటికి మనిషే లేడు గదా అని చెల్లెలు ఆ వాదాన్ని కొట్టివేసింది. జబ్బు చేసి పోయాయన్నాడు మరొకడు. అయితే ఎముకలు పడ్డచోటనే ఒక్కొక్క జంతువుది వరుసగా వుండాలి గదా, చెల్లాచెదురు ఎందుకయ్యాయి? దానికి వాడి దగ్గర జవాబు లేదు.

అంతవరకు గుమ్మంలో కూర్చొని బియ్యంలో రాళ్ళేరుతున్న అవ్వ అప్పుడు నోరు విప్పింది.

"ఏరు కొట్టుకొచ్చి వుంటుంది" అన్నది.

అవ్వ సాక్ష్యం

2021 నవంబరు వరద నెల్లూరు జిల్లావారు ఎవరూ మరచిపోలేరు. కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ఆనకట్ట తెగింది. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. సోమశిల నుంచి విడిచిన నీరు కోవూరు, నెల్లూరు ప్రాంతాలను ముంచెత్తింది. పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. పిల్లలకు అది లీలగా గుర్తున్నది. అవ్వకు అంతకుముందు వరదలెన్నో గుర్తున్నాయి.

"గొడ్లు ఒక్కొక్కటిగా పోవురా. మంద మందే పోతుంది. ఏరు మలుపు తిరిగే చోట, నీళ్ళు నెమ్మదించే చోట అన్నీ ఒక్కచోట తేలతాయి" అన్నది. 

"మరి తలకాయలేమైనాయి అవ్వా?" అని అడిగింది పిల్ల.

అవ్వ కొంతసేపు ఆలోచించింది. "నీళ్ళలో నానితే మెడ దగ్గరే ముందు ఊడేది. తల ఒక దారి, మొండెం ఒక దారి. మేము చూడలేదా ఏంది!"

ఆశ్చర్యమేమిటంటే, యామన్‌పల్లి ఎముకలను గురించి శాస్త్రజ్ఞులు చేసిన ఊహ కూడా దాదాపు ఇదే. ఒక మంద నీటిలో మునిగి చచ్చి వుండాలి, ఏరు వాటిని కొంత దూరం మోసుకొచ్చి ఒకచోట చేర్చి వుండాలి. ఈ పొడుగు మెడ జంతువులకు ఒళ్ళు ఎంత పెద్దదో తల అంత చిన్నది. పుర్రె ఎముకలు పలుచన, మెడతో వాటి అతుకు బలహీనం. ప్రపంచంలో ఇటువంటి జంతువులు ఎక్కడ దొరికినా చాలాసార్లు తలలు దొరకవు. మిగిలిన పళ్ళను బట్టి ఆకులు మేసే జంతువని మాత్రం తెలుస్తుంది.

మనవడు అవ్వకేసి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. "నీకేం తెలుసు" అన్న నోటితోనే "ఇంకా ఏం చూశావవ్వా?" అని అడిగాడు. పుస్తకంలో పేర్లన్నీ వాడికి వచ్చు. కాని ఏటిని చూసింది ఆమె. శాస్త్రం అంటే పెద్దవాళ్ళను ఎగతాళి చేయటానికి దొరికిన కర్ర కాదు. ఎవరు చూశారు, ఏం చూశారు, ఎన్నిసార్లు చూశారు అని మర్యాదగా అడిగే పద్ధతి. రాకాసి అన్న మాటకు అవ్వ దగ్గర సాక్ష్యం లేదు. వరదకు వుంది. రెంటినీ వేరుచేయటం నేర్చిన పిల్లవాడు అవ్వనూ పోగొట్టుకోడు, శాస్త్రాన్నీ పోగొట్టుకోడు.

నింద పడిన తల్లి

పిల్లలకు తప్పక చెప్పదగిన కథ మరొకటి వుంది. 1923లో మంగోలియాలోని గోబీ ఎడారిలో అమెరికా శాస్త్రజ్ఞులకు ఒక చిన్న రాక్షసిబల్లి అస్థిపంజరం దొరికింది. అది ఒక గూటిలోని గుడ్లమీద పడి వుంది. గుడ్లు వేరే జంతువువని వారు అప్పటికే అనుకున్నారు. కనుక ఇది గుడ్లు దొంగిలించటానికి వచ్చి చచ్చిందని భావించి, 1924లో దానికి "ఓవిరాప్టర్", అంటే గుడ్లదొంగ అని పేరు పెట్టారు. సుమారు 70 ఏళ్ళు ఆ దొంగ ముద్ర అలాగే వుండిపోయింది. 1993లో అటువంటి గుడ్డులోనే పిండపు ఎముకలు దొరికాయి. చూస్తే అది ఆ "దొంగ" వంశంలోని పిల్లే! తరువాత గుడ్లమీద కోడిపెట్టలాగా పొదుగుతూ కూర్చున్న అస్థిపంజరాలు కూడా దొరికాయి. దొంగ కాదు, తల్లి. పేరు మాత్రం నియమాల ప్రకారం మారలేదు.

మన దేశంలోనూ ఇటువంటిదే జరిగింది. గుజరాత్‌లో దొరికిన ఒక రాతిలో గుడ్లతోపాటు వున్న సన్నని ఎముకలను రాక్షసిబల్లి పిల్లవిగా 1987లో ధనంజయ్ మొహబే గారు ప్రకటించారు. 2001లో అమెరికానుంచి వచ్చిన జెఫ్ విల్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రాతిని చూచి, అందులో పాము వెన్నెముక వున్నదని గుర్తించాడు. మొహబే గారు కోపగించుకోలేదు. ఇద్దరూ కలిసి పనిచేశారు. గూటిలో పిల్లను మ్రింగటానికి వచ్చి, ఆ పిల్లతోపాటే మట్టిలో సమాధి అయిన పదకొండడుగుల పాము అది అని 2010లో లోకానికి తెలిపారు. తన మాట తానే దిద్దుకోవటం ఓటమి కాదని పరీక్షలకు భయపడే మన పిల్లలకు ఇంతకన్న చక్కగా ఏ పాఠం చెబుతుంది?

చేతిలోని పెట్టె

ఈ రోజుల్లో ఇది వినోదం మాత్రమే కాదు. ప్రతి ఇంట్లో సెల్‌ఫోను వుంది. పది అడుగుల రాక్షసుని అస్థిపంజరం దొరికిందనీ, ఎవరి పొలంలోనో రాక్షసిబల్లి గుడ్లు బయటపడ్డాయనీ అందులో బొమ్మలు వస్తూ వుంటాయి. 2020లో తమిళనాడు పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువు పూడిక తీస్తుంటే గుండ్రని రాళ్ళు వచ్చాయి. రాక్షసిబల్లి గుడ్లని పుకారు ఊరూరా ప్రాకింది. చూడబోతే అవి ప్రాచీన సముద్రపు అమ్మోనైట్లనే గవ్వజాతి ప్రాణుల చుట్టూ మట్టి గట్టిపడి ఏర్పడ్డ ఉండలని భూగర్భ శాస్త్రజ్ఞులు తేల్చారు. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో దీనికి సరిగ్గా ఎదురుకథ. పాడ్ల్యా గ్రామంలో తరతరాలుగా పొలాలను, పశువులను కాపాడే దైవంగా కొలుస్తున్న గుండ్రాళ్ళు నిజంగానే రాక్షసిబల్లి గుడ్లని శాస్త్రజ్ఞులు చెప్పినట్లు 2023లో పత్రికలు వ్రాశాయి. గుడ్లనుకున్నవి కాకపోయె, కావనుకున్నవి అయ్యె! చూపు ఒక్కటే చాలదు, పరీక్ష కావాలి.

ఇంట్లో పెద్దలకు పెద్ద గ్రంథాలేమీ అవసరం లేదు. గోడమీది బల్లిని, పెరటిలోని కోడిని చూపించి, నడకలో తేడా చెప్పమనండి. బల్లి కాళ్ళు ప్రక్కలకు చాచి వుంటాయి. కోడి కాళ్ళు ఒంటిక్రింద స్తంభాల్లాగా నిలబడతాయి. హైదరాబాదు వెళ్ళినప్పుడు కోటాసారస్ కాళ్ళు ఎట్లా వున్నాయో చూడమనండి. "రాక్షసిబల్లి" బల్లికి దగ్గరో, కోడికి దగ్గరో వాళ్ళే తేల్చుకుంటారు. పుర్రె దొరకలేదని విన్నారు గదా, మరి ఆ నిలబెట్టిన బొమ్మకు తల ఎక్కడనుంచి వచ్చిందని అడగనివ్వండి. దొరికినది ఎంత, ఊహించి చేసినది ఎంత అని విడదీసి చూసే కన్ను ఆ ఒక్క ప్రశ్నతో తెరుచుకుంటుంది. ఎక్కడైనా నిజంగానే శిలాజం కనిపిస్తే పెకలించకుండా, బొమ్మ తీసి, చోటు వ్రాసుకొని తెలిసినవారికి చెప్పాలని కూడా నేర్పండి. చోటునుంచి కదిలిన ఎముక సగం కథ మరచిపోతుంది.

ఈసారి బుచ్చి వెళ్ళినప్పుడు జొన్నవాడ ఇసుకలో పిల్లలను కాసేపు తిరగనివ్వండి. వాళ్ళు తెచ్చిన రాయిని పారేయమనకండి, అది ఏదో కూడా చెప్పకండి. ఎక్కడనుంచి వచ్చి వుంటుందని అడిగి ఊరుకోండి. గండికోట దాకా ప్రయాణం ఆ ఇసుకలోనే మొదలవుతుంది.